కల్లంలో మూడు సెంట్లు

మా తోడల్లుడు చెంచయ్యకి ఇంటి స్థలం వచ్చిన రోజున నాకు అన్నం సయించలేదు. కోటిరత్నం గోంగూర పచ్చడి వేసి, ఉల్లిపాయ చితక్కొట్టి పక్కన పెట్టింది. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేశాను.

"ఏందయ్యా, ఒంట్లో బాలేదా?" అంది.

"బానే ఉంది."

"మరేంది?"

నేను మాట్లాడకపోవడం మా ఇంట్లో కొత్తేం కాదు. ఆవిడ పళ్లెం తీసుకెళ్లి గేదె కుడితిలో ఒంపి వచ్చింది. వచ్చి నా ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నా చెల్లెలికి ఇల్లొస్తే నీకెందుకయ్యా కడుపుమంట?"

నాకు కడుపుమంట అని నేను అన్నానా? అనలేదు. అయినా ఆడవాళ్లకి ఎట్లా తెలుస్తాయో తెలియదు.

స్థలం ఇంకెక్కడన్నా వచ్చి ఉంటే అంత మండేది కాదు. కల్లంలో వచ్చింది. అదీ మేము కాయలు పోసుకునే చోటే వచ్చింది.

మా ఊరి చుట్టూ నల్లరేగడి. తూర్పున మటుకు ఎర్రమట్టి దిబ్బ ఒకటుంది. దాని మీద వాన నిలవదు, నేల చెమ్మ పట్టదు. మిరపకాయ ఎండబెట్టుకోవడానికి ఊరంతా దాన్నే కల్లంగా వాడుకుంటాం. గవర్నమెంటు భూమి. ఎవరికీ కాగితాల్లేవు, కానీ ఎవరి చోటు ఏదో ఊరందరికీ తెలుసు. మా చోటు దిబ్బ నడినెత్తిన. ఏటా కోతలు మొదలుకాక ముందే కోటిరత్నం వెళ్లి దాన్ని పేడతో అలుకుతుంది. పక్కవాడి కాయ ఒక్కటి దొర్లి వచ్చినా తీసి అటు విసురుతుంది. ఇప్పుడు అక్కడ చెంచయ్య ఇల్లు లేస్తుంది.

ఇది ఎట్లా జరిగిందో చెప్పాలి. ఊళ్లో సొంతిల్లు లేని కుటుంబానికి మూడు సెంట్లు ఇచ్చి ఇల్లు కట్టుకోమనాలని గవర్నమెంటు నుంచి ఆర్డరొచ్చింది. ఇదివరకు ఎప్పుడన్నా కాలనీ ఇల్లు తీసుకున్నవాళ్లకి మళ్లీ లేదు. ఆ ఇల్లు ఇప్పుడు ఉండటానికి పనికొస్తుందా లేదా అని గ్రామ సచివాలయం వాళ్లు ఇంటింటికీ వచ్చి చూసి రాసుకుంటారు; పనికిరాదని రాస్తే పైవాళ్లు దయతలచొచ్చు. మాకు రాలేదంటే కారణం మా ఇల్లు.

మాకు చాలా ఏళ్ల క్రితం కాలనీ ఇల్లొచ్చింది. అప్పట్లో మా వీధిలో స్లాబు వేసిన ఇల్లు అదొక్కటే. చెంచయ్య కనిగిరి వైపు మెట్ట నుంచి కౌలుకని మా ఊరు వచ్చి, రేకుల కింద కాపరం పెట్టాడు. మా ఇంటి అరుగు మీద కూర్చుని పైకి చూసేవాడు. "స్లాబంటే స్లాబే అన్నా" అనేవాడు. ఆ మాట కోసం వాడికి రోజూ టీ పోయించేవాణ్ణి.

రేగడి నేలలో పునాది నిలవదు. ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలు, వానాకాలం ఉబ్బు. ఇల్లు పగులుతూ వచ్చి, ఆమధ్య తుఫానుకి వెనక గోడ కూలింది. దాంతోపాటు స్లాబు కిందికి దిగింది. గాలివానలో ఎవరింట్లో ఏం కూలిందో ఎవరికి వినపడుతుంది? ముందు గోడ వైపు మంచం పట్టేంత స్లాబు మిగిలింది. మిగతాదంతా ఆకాశమే. పక్కలకి తాటాకు దడి కట్టి చిక్కుడు పాదు పాకించాను. ముందు గోడకి ఏటా కోటప్పకొండ తిరనాళ్లకి ముందు సున్నం వేస్తాను. తలుపుకి పచ్చరంగు. వీధిలోంచి చూస్తే మా ఇల్లు ఇల్లే. వచ్చినవాళ్లకి అరుగు మీదే మర్యాద. చెంచయ్య ఆ తలుపు దాటి లోపలికొచ్చి చాలా కాలమైంది. రానిచ్చింది ఎవరు?

సర్వేకి సచివాలయం నుంచి శ్రీదివ్య అనే ఇంజనీరింగ్ అసిస్టెంటు వచ్చింది. మా ఇంటికొచ్చే ముందు చెంచయ్య రేకుల ఇల్లు చూసి వచ్చింది. చెంచయ్య దారి చూపిస్తానని ఆ పిల్ల వెంటే మా ఇంటిదాకా వచ్చి, అలవాటుగా అరుగు మీద కూర్చున్నాడు. కోటిరత్నం చేలో ఉంది.

"తాతయ్యా, ఇల్లు బాగుందా? లోపల చూడొచ్చా?" అంది శ్రీదివ్య.

చెంచయ్య నా మొహంలోకి చూస్తున్నాడు.

"బానే ఉంది. లోపల చూసేదేముంది?" అన్నాను.

"ఆయనిల్లు రాయమ్మా రాయి" అన్నాడు చెంచయ్య. "స్లాబిల్లు. మాలాంటి రేకుల బతుకా?"

శ్రీదివ్య ఫోనులో ఏదో నొక్కుకుని వెళ్లిపోయింది. సాయంత్రం ఈ సంగతి తెలిసి కోటిరత్నం చేతిలో ఉన్న చాట నేలకేసి కొట్టింది.

"తలుపు తియ్యకపోయావా? ఒక్క తలుపు!"

"చెంచయ్య ఉన్నాడు."

"ఉంటే?"

ఉంటే ఏమిటో ఆవిడకి ఎట్లా చెప్పను?

స్థలాల కోసం పంచాయతీ ఆఫీసు ముందు గ్రామసభ పెట్టారు. మా సర్పంచి దేవకుమారి. చర్చి వీధి మనిషి. ఒకప్పుడు మా చేలో కోతకి వచ్చేది, ఇప్పుడు కుర్చీలో కూర్చుంటుంది. ఆమె మీద నాకే బాధా లేదు. నా బాధంతా ఒక్క మనిషి మీదే. రెవెన్యూవాళ్లు ముందే వచ్చి వాగు పక్క పల్లం చూపించి, అక్కడ ప్లాట్లు వెయ్యమని చెప్పి పోయారట.

"నేను సంతకం పెట్టలేదండి" అంది దేవకుమారి మైకులో. "శ్రావణంలో అక్కడ నడుంలోతు నీళ్లు. ఇళ్లు కట్టి కప్పల్ని కాపరం పెట్టాలా? ఈ ఊరికి ఎత్తు నేల ఒకటే. కల్లం. ఇస్తే అదే ఇద్దామని పంచాయతీ తీర్మానం."

కాయలు పండించేవాళ్లంతా ఒక్కసారి లేచారు.

"మరి కాయలు ఎక్కడ ఆరబొయ్యాలమ్మా? నీ ఆఫీసు డాబా మీదా?"

"వస్తే పొయ్యండి బాబాయ్, నాకేం? మెట్లెక్కి మొయ్యాల్సింది మీరే" అంది. నవ్వులు. నవ్వు సద్దుమణిగేలోపే అసలు మాట చెప్పేసింది. "వచ్చే ఏటికి వాగు పక్క పల్లంలో మట్టి తోలించి సిమెంటు కల్లం వెయ్యమని పైకి రాస్తాం. ఈ ఏడు మాత్రం గోడలు లేచేదాకా ఎవరి చోట వాళ్లు ఎప్పట్లాగే పోసుకోండి. కాకపోతే స్థలం ఎవరికొచ్చిందో వాళ్లని ఒక్క మాట అడిగి పోసుకోండి. అంతే."

అందరికీ బాగానే ఉందనిపించింది. నాకూ అనిపించింది. అప్పటికి చీటీలు తియ్యలేదు.

చీటీలు స్టీలు బిందెలో వేశారు. పట్టా ఆడవాళ్ల పేరు మీద కాబట్టి ఆడవాళ్లే వచ్చి తీశారు. మా మరదలు వజ్రమ్మ చెయ్యి పెట్టి చీటీ తీసింది. శ్రీదివ్య నంబరు చదివి, గోడకి అంటించిన ప్లాను మీద వేలు పెట్టి చూపించింది. నడినెత్తిన. వజ్రమ్మ పరుగున వచ్చి అక్కని కౌగిలించుకుంది. ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు. చెంచయ్య నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, మీ చోటే వచ్చింది. నువ్వేం మనసులో పెట్టుకోమాక. కాయలు ఎప్పట్లాగే అక్కడే పోసుకో. నేనేమన్నా కాదంటానా?"

నా చోట నా కాయలు పోసుకోవడానికి నాకు సెలవిచ్చాడు. ఆ రోజే నాకు అన్నం సయించనిది.

కోతలొచ్చాయి. ఆ ఏడు కాయ బాగా దిగింది. నేను కాయలు కల్లానికి తోలలేదు. అద్దంకి రోడ్డు వారగా పరదాలు పరిచి అక్కడ పోశాను. కోటిరత్నం మొదటి రోజు నాతో వాదించింది. రెండో రోజు మానేసి, కాయలు తిరగేస్తూ దారినపోయేవాళ్లతో వాదించింది.

"ఒరేయ్ కుర్రాడా, బండి కాయల మీంచి పోనిచ్చావంటే కళ్లల్లో కారం కొడతా!"

"రోడ్డు నీ అబ్బదా పెద్దమ్మా?"

"కాదురా. మాకు కల్లం ఉంది. మా ఆయనకి రోడ్డంటే ఇష్టం."

కోతకొచ్చిన ఆడవాళ్లు పగలబడి నవ్వారు. నేను తల గుడ్డ సర్దుకుని అవతలికి పోయాను. బస్సు పోయినప్పుడల్లా దుమ్ము లేచి కాయల మీద పడేది. ఎర్రగా నిగనిగలాడాల్సిన కాయ బూడిద కొట్టుకుపోయింది. కల్లంలో పోసినవాళ్ల కాయలు దూరం నుంచి కూడా మెరుస్తున్నాయి.

రోజూ పొద్దున్నే గేదెని తోలుకుని కల్లం మీదుగా పోయేవాణ్ణి. గేదెకి ఆ దారి అవసరం లేదు. చెంచయ్య ముగ్గు పోయించాడు. పునాది తవ్వించాడు. అక్కడ నేల ఎట్లా ఉందంటే, గునపం దిగుతుంటే ఖంగుమని మోగింది. మా ఇంటికి పునాది తవ్విన రోజున గునపం వెన్నలోకి దిగినట్టు దిగింది. రాళ్లు తోలించాడు. చెంచయ్యా వజ్రమ్మా కూలీలతో కలిసి మోశారు. పునాది లేచింది. లోపల గ్రావెలు పోసి, నీళ్లు కొట్టి, దిమిస కొట్టారు. మోకాలెత్తు బేస్‌మెంటు తయారైంది. చుట్టూ తిరిగి చూశాను. ఈశాన్యం మూల కొంచెం వంకర పోయింది. ఎవరికీ చెప్పలేదు. ఆ వంకర తల్చుకుంటూ వారం రోజులు బాగానే గడిపాను.

తర్వాత మేస్త్రీ దాన్ని కూడా సరిచేశాడు.

ఒకరోజు వజ్రమ్మ రోడ్డు మీదికి మజ్జిగ తీసుకొచ్చింది. కోటిరత్నానికి చెంబు అందించి నా వైపు తిరిగింది.

"బావా, వానల్లోపల స్లాబు పడుద్ది. ముందు గది మీ ఇద్దరికీ. ఆయన కూడా సరేనన్నాడు."

ఆయన సరేనన్నాడు. నా కాపరానికి చెంచయ్య సరేననాలి.

"మాకు ఇల్లుంది" అన్నాను.

వజ్రమ్మ అక్క వైపు చూసింది. అక్క మజ్జిగ తాగుతూ ఉండిపోయింది. చెంబు దించాక, "నేను వస్తానే. ఈయన సంగతి నాకు తెలియదు" అంది.

"నువ్వు పోయేదేంది?" అన్నాను.

"పోయిన వానాకాలం మంచం మీద గొడుగేసుకుని కూర్చున్నాను. నువ్వు గోడకి సున్నం కొట్టుకుంటా ఉండు. వానొచ్చిన రోజు నేను నా చెల్లెలింటికి పోతాను. వస్తే రా, రాకపోతే నీ ఇష్టం."

ఆవిడ ఉత్తినే బెదిరించే మనిషి కాదు. గొడవపడి అనలేదు కూడా. కాయల్లో తెల్లబారిన తాలు ఏరుతూ అంది. చెంచయ్య ఇంటి ముందు గదిలో నేను. పొద్దున్నే వాడు లేచి నన్ను దాటుకుని వీధిలోకి పోతాడు. "నిద్ర పట్టిందా అన్నా?" అని అడుగుతాడు. తప్పకుండా అడుగుతాడు. అది తల్చుకుంటే నా చేతిలో ఉన్న కాయలు పిండి అయ్యాయి.

ఉగాది వెళ్లిన కొద్ది రోజులకే పడమట మబ్బు పట్టింది. ఆ వేళకి కాయలు గలగలమనేంత ఎండి ఉన్నాయి. ఇంకో రెండు రోజుల్లో గుంటూరు యార్డుకి తోలాల్సిన సరుకు. గాలి ముందొచ్చింది. పరదా మీద పరదా కప్పుదామంటే కోటిరత్నం ఒక కొస, నేనొక కొస పట్టుకున్నా నిలవలేదు. రోడ్డు మీద పడిన నీళ్లు పల్లానికి, అంటే మా కాయల్లోకే దిగుతాయి.

చెంచయ్యా వజ్రమ్మా ట్రాక్టరు ట్రక్కుతో సహా వచ్చారు. నన్ను ఎవరూ అడగలేదు. వజ్రమ్మ గంపలకెత్తడం, చెంచయ్య ట్రక్కులో పొయ్యడం. కోటిరత్నం నన్ను చూసి అరిచింది.

"ఎత్తవయ్యా! దేవుడి పెళ్లి చూస్తన్నట్టు నిలబడ్డావు!"

ఎత్తాను. కల్లం చేరేసరికి పెద్ద చినుకులు మొదలయ్యాయి. కల్లంలో అందరూ ఎవరి కుప్పలు వాళ్లు కప్పుకుంటున్నారు. ఖాళీగా, ఎత్తుగా ఉన్నది ఒక్కటే. చెంచయ్య బేస్‌మెంటు. కాయలు దాని మీద పోసి పరదాలు కప్పి రాళ్లు పెట్టాం. అడుగున ఉన్నవి కొన్ని ఎత్తలేక రోడ్డు మీదే వదిలేశాం, అవి తడిసిపోయాయి. మిగతావి నిలిచాయి.

వానలో తడుస్తూ చెంచయ్య నవ్వాడు. "ఇవాళంటే తలుపుల్లేవు గనక సరిపోయిందన్నా. ఇల్లయ్యాక నీ కాయలు ఇంత తేలిగ్గా రానిస్తానా?"

నేను ఒక మాట అనాల్సింది. ఏదో ఒక మంచిమాట. పరదా మీది రాయి ఇంకోసారి సర్దాను. వాడు మంచివాడని తెలిసే కొద్దీ వాణ్ణి చూడబుద్ధి కాలేదు. మంచితనంలో కూడా వాడే ముందున్నాడు.

తెల్లారి వాన వెలిసింది. ఎండ వచ్చాక పరదాలు తీసి, కాయలు బేస్‌మెంటు నిండా పరిచాం. అప్పుడే శ్రీదివ్య స్కూటీ మీద వచ్చింది. బేస్‌మెంటు ఫొటో పైకి పంపితే గానీ చెంచయ్యకి తర్వాతి బిల్లు పడదట.

"ఇదేంటి, బేస్‌మెంటు ఎక్కడ? నాకు మిరపకాయలే కనపడుతున్నాయి" అంది.

"కాయల కింద ఉందమ్మా. పొయ్యేదెక్కడికి?" అన్నాడు చెంచయ్య.

"కొంచెం పక్కకి తియ్యండి అంకుల్. అంచులు కనపడాలి. ఇంటావిడ పైన నిలబడాలి."

కోటిరత్నం, వజ్రమ్మ చీపుర్లు పట్టుకుని కాయల్ని మధ్యకి నెట్టారు. ముందు వైపు రాళ్ల వరస కనపడింది. వజ్రమ్మ చీర కొంగు సర్దుకుని అక్కడ నిలబడింది. ఒక్కతే నిలబడటం సిగ్గనిపించిందో ఏమో, అక్క చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కుంది. కోటిరత్నం కూడా జుట్టు సవరించుకుంది. ఆవిడ అట్లా జుట్టు సవరించుకోవడం చూసి చాలా కాలమైంది. ఆ నేల ఆవిడ ఇన్నేళ్లు అలికిన నేలే. మోకాలెత్తు పైకి లేచింది, అంతే.

"పెద్దమ్మా, మీరు కొంచెం దిగాలి" అంది శ్రీదివ్య. మెత్తగానే అంది. "పట్టా ఉన్నావిడ ఒక్కరే ఉండాలి. లేకపోతే ఫోను తీసుకోదు."

"అవునమ్మా, నాకేం తెలుసు" అని కోటిరత్నం దిగింది. దిగేప్పుడు నడుం పట్టేసింది. చెయ్యి దేనికో ఆనుదామని వెతుక్కుంది. దగ్గర ఏమీ లేదు. మెల్లగా కూర్చుని, కాళ్లు ఒకటొకటే కిందికి పెట్టి దిగింది. వచ్చి నా పక్కన నిలబడింది. చెల్లెల్ని చూస్తూ, "నవ్వవే, ఏడుపు మొహం పెట్టమాక" అంది.

నేను గేదె దగ్గరికి పోయాను. కాసేపు దాని మెడ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను.

అంబేద్కర్ జయంతి రోజున మళ్లీ గ్రామసభ. విగ్రహానికి దండ వేశాక అందరం షామియానా కింద కూర్చున్నాం. దేవకుమారి సిమెంటు కల్లం సంగతి చెప్పింది. పైకి రాశారట, వస్తుందట. ఆ తర్వాత ఇంకో మాట చెప్పింది.

"ఎప్పుడో కాలనీ ఇల్లు తీసుకుని, అది పడిపోయి అవస్థ పడేవాళ్లు ఊళ్లో ఎవరన్నా ఉంటే చెప్పండి. రూల్లో లేదు. ఉన్నా లేకపోయినా పంచాయతీ తీర్మానం చేసి కలెక్టరుగారికి పంపిద్దాం. మన ఊరి సంగతి మనం చెప్పకపోతే వాళ్లకెట్లా తెలుస్తుంది? కల్లంలో ఇంకా స్థలం ఉంది. దాచుకునేదేం లేదు, చెప్పండి."

ఎవరూ లేవలేదు. చెంచయ్య నా ముందు వరసలో కూర్చున్నాడు. కొత్త చొక్కా. వెనక నుంచి వాడి మెడ కనపడుతోంది. ఆ మెడ చూస్తూ లేచాను.

నేను గ్రామసభలో నోరు విప్పడం ఎవరూ ఎరగరు. ఒకాయన మైకు తెచ్చి నా మూతి దగ్గర పెట్టాడు. దాన్ని పక్కకి నెట్టాను.

"మా ఇల్లు పడిపోయింది" అన్నాను.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక నుంచి ఎవరో అన్నారు.

"ఎవరిది, బుల్లయ్యదా? మొన్న తిరనాళ్లకేగా సున్నమేశాడు!"

"సున్నం బరువుకి కూలిందేమోరా!"

జనం నవ్వారు. దేవకుమారి నవ్వలేదు. "నవ్వమాకండి. బాబాయ్, ఎప్పుడు పడింది?"

"తుఫానుకి."

"ఏ తుఫానుకి? రెండేళ్లు దాటిందిగా! మరి శ్రీదివ్య వచ్చినప్పుడు..." అని ఆగింది. నా మొహం చూసింది. ఇంక అడగలేదు. "సరే. ఇప్పుడే పోయి చూద్దాం. పంచనామా రాయాలి. ఊళ్లోవాళ్లు ఒకరిద్దరు సాక్షి సంతకం పెట్టాలి. ఎవరొస్తారు?"

చెంచయ్య లేచాడు. నా వైపు తిరిగాడు. వాడి మొహంలో జాలి ఉంటుందనుకున్నాను. లేదు. ఏదో లెక్క తేలక అడుగుతున్నవాడిలా ఉన్నాడు.

"నేనొస్తా" అన్నాడు.

దేవకుమారి, శ్రీదివ్య, చెంచయ్య, వెనక వజ్రమ్మ. కోటిరత్నం అందరికంటే ముందుపోయి మంచం మీద దుప్పటి సర్దింది. నేను తలుపు తీశాను. చెంచయ్య అలవాటుగా అరుగు మీద కూర్చోబోయాడు.

"లోపలికి రా" అన్నాను.

వంగి లోపలికొచ్చాడు. నాలుగడుగులు వేసి ఆగాడు, ఎందుకంటే ఐదో అడుగు ఎండలో పడింది. పైకి చూశాడు. కూలిన స్లాబు ముక్కలు, వాటిలోంచి వంగి వచ్చిన ఇనుప చువ్వలు, వాటి మీద మేము ఆరేసిన బట్టలు. శ్రీదివ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "తాతయ్యా, ఆ రోజు అడిగానుగా" అంది. దేవకుమారి పంచనామా చెప్పి రాయించడం మొదలుపెట్టింది.

చెంచయ్య బయటికి పోయాడు. వీధిలో నిలబడి మా ముందు గోడని చూశాడు. మళ్లీ లోపలికొచ్చి ఆకాశం చూశాడు. మళ్లీ బయటికి పోయాడు. కాగితం చేతిలో పట్టుకుని శ్రీదివ్య ఎదురుచూస్తోంది. నేనూ చూస్తున్నాను. వాడు సంతకం పెట్టడేమోననిపించింది.

"ఈ గోడేనా?" అన్నాడు చివరికి. గొంతు లేచింది. "వజ్రం! ఇటురా! ఈ గోడ చూపించేనా ఇన్నేళ్లు నన్ను తిన్నావు? 'మా అక్కకి స్లాబిల్లుంది, నీకేముంది? మా బావ ఏటా సున్నం వేయిస్తాడు, నీకు చేతనయిందా?' అన్నావా లేదా?"

"అన్నాను" అంది వజ్రమ్మ.

"నీకు తెలుసా, లోపల ఇట్లా ఉందని?"

"తెలుసు. అక్క చెప్పొద్దంది."

"తెలిసీ అన్నావా!"

"అనకపోతే నువ్వు స్థలానికి అర్జీ పెట్టేవాడివా? ఇంకా ఆ రేకుల కిందే ఉండేవాళ్లం."

చెంచయ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. నా వైపు తిరిగాడు. కళ్లు ఎర్రబడ్డాయి. ఏడుపో కోపమో తెలియలేదు.

"అన్నా, ఈ వీధిలోంచి పోవాలంటే నాకు ఒళ్లు మండేది. నీ దగ్గరికొచ్చినప్పుడు తప్ప చుట్టు తిరిగి పోయేవాణ్ణి, తెలుసా? నా స్థలం చీటీలో వచ్చిన రోజు కూడా, ఎంత కట్టినా బుల్లయ్యన్న ఇల్లు ముందు కట్టింది గదా అనుకున్నా. ఆ సంతోషం కూడా నాకు సగమే మిగిల్చావు గదయ్యా!"

దేవకుమారి తల వంచుకుని కాగితం వైపు చూస్తోంది. పెదవులు బిగించి ఉంది. చెంచయ్య శ్రీదివ్య చేతిలోంచి పెన్ను లాక్కుని, గోడకి కాగితం ఆనించి, చిరిగేంత గట్టిగా సంతకం పెట్టాడు. గోడ సున్నం వాడి చొక్కాకి అంటుకుంది. దులుపుకోకుండానే వెళ్లిపోయాడు.

"పైకి పంపిస్తాం బాబాయ్" అంది దేవకుమారి వెళ్తూ. "ఇస్తారో లేదో చెప్పలేను. ఇచ్చినా వానల్లోపు మాత్రం కాదు."

తల ఊపాను. అందరూ పోయారు. కోటిరత్నం వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చుంది. తలుపు బార్లా తెరిచి ఉంది. వీధినపోయేవాళ్లు తొంగిచూసి పోతున్నారు. ఆవిడ వాళ్లని ఏమీ అనలేదు.

నేను చెంచయ్య మాటలు మొదటినుంచీ మళ్లీ చెప్పుకుంటున్నాను. ఒళ్లు మండేదన్నాడు. చుట్టు తిరిగి పోయేవాణ్ణన్నాడు. చుట్టు తిరగాలంటే ఊరి బయట చెరకు మిల్లు దాకా పోయి రావాలి. నా కోసం వాడు అంత దూరం నడిచాడు. కాపు దిగినప్పుడు కూడా నా మనసు ఎప్పుడూ ఇంత నిండుగా లేదు.

"మబ్బులు ముందే వస్తాయంటున్నారు ఈ ఏడు" అంది కోటిరత్నం. చూపు రోడ్డు మీదే ఉంది. "నేను మాత్రం చెల్లెలింటికి పోతాను. ముందే చెప్పాను. నువ్వు..."

"వస్తాలే" అన్నాను.

ఆవిడ చప్పున తలతిప్పి చూసింది. "చెంచయ్య ఇంటికా? వాడి ముందు గదిలోకా?"

"ఆఁ."

"ఏందయ్యా, ఆ నవ్వేంది?"

"ఏం లేదు" అన్నాను.